బద్ధకమా, నీరసమా? పాలకొల్లు అమ్మగారికి ఒక డ్రిల్లు మాష్టారి జవాబు

పాలకొల్లు పక్క పల్లె నుంచి ఒక అమ్మగారు అడిగారు: "అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఏడు. ఇద్దరూ ప్రైవేటు స్కూలే, బస్సు గుమ్మంలోకి వస్తుంది. అయిదింటికి లేపి చదివిస్తాం. సాయంత్రం ట్యూషన్ నుంచి ఎనిమిదింటికి వస్తారు, పడుకునేసరికి పదకొండున్నర. అబ్బాయి పద్నాలుగేళ్ళకే 68 కేజీలున్నాడు, మేడ మెట్లెక్కితే రొప్పుతున్నాడు. అమ్మాయి సన్నగానే ఉంటుంది గానీ ఎప్పుడు చూసినా పడకే. తిండికి లోటు లేదు. ఇద్దరికీ బద్ధకం పట్టుకుంది. అబ్బాయిని జిమ్ములో చేర్చమనీ, ప్రొటీన్ పౌడరు పట్టమనీ మా మరిది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు మాష్టారూ?"

అమ్మా, మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. బద్ధకం. ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా, అంటే ఆటల మాష్టారుగా చేశాను. సగం సర్వీసు గోదావరి గౌతమి పాయ పక్కన, సగం వశిష్ఠ పాయ పక్కన. అన్నేళ్ళలో నిజంగా ఒళ్ళొంచని పిల్లలు ఓ పదిమంది తగిలారేమో. మిగతా వాళ్ళని కాస్త దగ్గర కూచోబెట్టుకుని అడిగితే సంగతి వేరే ఉండేది. ఒకళ్ళకి రక్తం తక్కువ, ఒకళ్ళకి నిద్ర తక్కువ, ఒకళ్ళకి ఆడుకునే వేళే లేదు. ఇంకొకడికి లావుగా ఉన్నానని నలుగురిలో పరిగెత్తాలంటే సిగ్గు. అందుకని జిమ్మూ పౌడరూ తర్వాత చూద్దాం.

అబ్బాయి గురించి నాలుగు ముక్కలు రాశారు, అమ్మాయి గురించి ఒక్క ముక్క. నేను అమ్మాయితోనే మొదలుపెడతాను.

పాతికేళ్ళ కిందటి మాట. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, డ్రిల్లు పీరియడ్ రాగానే చెట్టు కింద చతికిలబడేది. కాళ్ళు లాగుతున్నాయనేది, కళ్ళు తిరుగుతున్నాయనేది. నాకప్పుడు కుర్రతనం, పైగా ఖోఖో జట్టుని పోటీలకి తయారుచేస్తున్న రోజులు. "నాటకాలాడకు" అని కసిరి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టమన్నాను. రెండో రౌండు సగంలో పడిపోయింది. వరండా నీడలో పడుకోబెట్టి, కంటి కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి, సున్నం పూసినట్టుంది. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ ఏడు చిల్లర. ఆ వయసు పిల్లకి కనీసం 12 ఉండాలి. వాళ్ళమ్మ వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నీరసం అన్న ఏ పిల్లనీ ముందు రెప్ప చూడకుండా పరిగెత్తించలేదు.

ఆ పిల్ల ఒక్కతే అనుకోకండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది మొదలు ఈ డెల్టాలో అన్నానికి కరువు లేదు గదా, మనకెందుకొస్తుంది అంటారు. అన్నంతో కడుపు నిండుతుంది, రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. పాలిష్ పట్టిన తెల్లన్నంలో అది అంతంత మాత్రం. పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగుతుంది, ఆ పెరిగే ఒంటికంతా రక్తం కావాలి. అప్పుడే నెలసరి మొదలై నెలనెలా కొంత పోతుంది. వచ్చేది అంతే, పోయేది రెండింతలు. బస్తాకి చిల్లు పడ్డట్టే.

ఇంకో సంగతి. కొంకిపురుగు అని ఒకటుంది, తడి నేలలో, ఇసక నేలలో బతుకుతుంది. చెప్పుల్లేకుండా తిరిగితే అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది, పేగు గోడ పట్టుకుని రక్తం పీలుస్తుంది. కొబ్బరితోటల్లో, పెరట్లో పిల్లలు ఉత్తకాళ్ళతో తిరగడం మనకి అలవాటేగా. అందుకే బడుల్లో ఆరేసి నెలలకోసారి నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. మింగించామని రాసుకుంటారు గానీ, పిల్లలు దాన్ని నాలిక కింద దాచి బయటికెళ్ళి ఉమ్మేస్తారు. ఎదురుగా నిలబడి నమిలించాలి. అలాగే ప్రభుత్వ కార్యక్రమం కింద వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్ర ఒకటుంది, ఐరనూ ఫోలిక్ యాసిడూ కలిపింది. సర్కారు బడుల్లో చేతికే ఇస్తారు. మీది ప్రైవేటు స్కూలు కాబట్టి మీ ఊరి నర్సమ్మనో (ఏఎన్ఎమ్), ఆశా కార్యకర్తనో అడగండి.

మీరు ముందు చెయ్యాల్సింది ఇదీ: అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) వేలు గుచ్చి చూస్తారు, పెద్ద పని కాదు. 12 కంటే తక్కువ వస్తే వారానికో మాత్ర సరిపోదు, అది రాకుండా కాపాడడానికే. డాక్టరుగారు రోజువారీ మోతాదు రాస్తారు, నెలలు వాడాలి. విరోచనం నల్లగా అవుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. అది చూసి పదోరోజున మానేసేవాళ్ళే ఎక్కువ. అన్నం తిన్నాక వేస్తే తిప్పడం తగ్గుతుంది. ఆ మాత్రతో పాటు టీ గానీ పాలు గానీ ఇవ్వకండి, రెండూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మన ఇళ్ళలో అన్నం తినగానే అరగ్లాసు టీ పిల్లలకి కూడా పోస్తారు చూశారూ, అది మానిపిస్తే చాలు, తిన్న ఆకుకూర కాస్తయినా ఒంటబడుతుంది. తోటకూర, మునగాకు వండినప్పుడు పైన నిమ్మచెక్క పిండండి. లేదా భోజనంలో ఓ జామకాయ పెట్టండి. పులుపులోని సి విటమిన్ ఇనుమును లోపలికి లాగుతుంది. చేపా, మాంసమూ అయితే ఇనుము ఇంకా తేలిగ్గా పడుతుంది. నెలసరి ఏడు రోజులు దాటినా, గంటగంటకీ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా ఆ మాట డాక్టరుగారికి మీరే చెప్పండి. పిల్ల చెప్పదు.

రిపోర్టు బాగుందనుకోండి, అప్పుడు రెండో ప్రశ్న. అమ్మాయి ఎప్పట్నుంచి ఆడటం మానేసింది? చాలా ఇళ్ళలో జవాబు ఒకటే, పెద్దమనిషయ్యాక. అయిదో తరగతిలో తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులు ఆడి మోకాళ్ళు చెక్కుకున్న పిల్లని, ఫంక్షనయిన మర్నాటి నుంచి "ఇంక ఆటలేంటే" అని నాయనమ్మ కూచోబెడుతుంది. అంత అన్యాయం ఇంకోటి లేదు. ఎముకలో బలం నిండేది సరిగ్గా ఈ వయసులోనే. మనిషి జీవితమంతా వాడుకునే ఎముక గట్టిదనంలో తొంభై వంతులు పద్దెనిమిదేళ్ళకల్లా పూర్తవుతుంది. అది గెంతితే పడుతుంది, తాడాట ఆడితే పడుతుంది. మంచాన పడుకుంటే పడదు. నెలసరి రోజుల్లో ఆడకూడదని శాస్త్రం ఎక్కడా లేదు. నొప్పి ఉన్నరోజు మానేస్తుంది, లేనిరోజు ఆడుతుంది, ఆ లెక్క పిల్లకే వదిలెయ్యండి. చాలామంది ఆడపిల్లలు ఆట మానేసేది ఒంట్లో ఓపిక లేక కూడా కాదు, సరైన లోదుస్తులు లేక, జారిపోయే చున్నీ సర్దుకోలేక. స్పోర్ట్స్ బనియను ఒకటీ, ట్రాక్ ప్యాంటు ఒకటీ కొనిపెట్టండి. మార్టేరు అమ్మాయి సత్తి గీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రిలే పరిగెత్తింది. మార్టేరు మీకు కూతవేటు దూరం. నాయనమ్మగారికి ఆ మాట చెప్పి చూడండి.

ఇక అబ్బాయి.

ముందు వాడి రోజు లెక్క వేశాను. అయిదింటికి లేస్తాడు, పుస్తకం. బస్సు, బెంచీ, బస్సు. ట్యూషన్, నేలమీద చాప. ఇంటికొచ్చి హోంవర్కు, ఓ అరగంట ఫోను. పదకొండున్నర. ఇందులో వాడు నడిచేది గుమ్మం నుంచి బస్సు దాకా, బస్సు నుంచి క్లాసు దాకా. అంతా కలిపి పది నిమిషాలు ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా కదలాలి, వారానికి మూడు రోజులు కండకీ ఎముకకీ పని పడాలి. దీనికి మీవాడు ఆరో వంతు కూడా లేడు. వాడొక్కడే కాదులెండి. ఆ సంస్థ వాళ్ళే 2016 లెక్కలు తీసి 2019లో వేసిన అధ్యయనంలో, ప్రపంచం మొత్తమ్మీద 11 నుంచి 17 ఏళ్ళ బడిపిల్లల్లో నూటికి 81 మంది ఆ గంట కదలడం లేదని తేలింది.

మా చిన్నప్పుడు వ్యాయామం అనే మాటే వినలేదు. బడి రెండు మైళ్ళు, కాలవ గట్టున నడక. సాయంత్రం గేదెల్ని తోలుకురావడం, చెడుగుడు, కర్రాబిళ్ళ, రేవులో ఈత. అరవై నిమిషాలేం ఖర్మ, మూడు గంటలు అయ్యేది. గొప్ప కోసం చెప్పడం లేదు, మాకూ గజ్జీ, మలేరియా అన్నీ ఉండేవి. అప్పటి పిల్లలేమీ చురుకైనవాళ్ళు కారు, దారి దూరంగా ఉండేది, అంతే. ఇప్పుడు ఆ దారిని బస్సు మింగేసింది. అందుకని జిమ్ము ఫీజు కట్టేముందు, బస్సు మింగినదాంట్లో కొంత వెనక్కి లాక్కోవడం చవక.

ట్యూషన్‌కి వాణ్ణి మోటారుసైకిలు మీద దింపుతున్నారా? సైకిలిచ్చేయండి. కిలోమీటరున్నర అయితే పోనూ రానూ పావుగంట. అయితే హైవే మీద వద్దు. చేపల లారీలు కారుస్తూ పోయే నీళ్ళకి టైరు జారి పడ్డ పిల్లల్ని నేనే మోసుకెళ్ళాను. గట్టు రోడ్డు ఉంటే అదే మంచిది. చీకటి పడ్డాక వస్తాడు కాబట్టి సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరూ ముందు టార్చి లైటూ ఉండాలి. స్కూలు బస్సు సాయంత్రం ఇంటిదాకా రావక్కర్లేదు, ఒక కిలోమీటరు ముందు దింపెయ్యమని డ్రైవరుకి చెప్పండి. అన్నాచెల్లెళ్ళిద్దరూ కబుర్లాడుకుంటూ నడిచొస్తారు. మొదటి వారం సణుగుతారు. రెండో వారంలో ఇంకో ఇద్దరు పిల్లలు కలుస్తారు, ఆ తర్వాత బస్సు గుమ్మంలోకి వస్తానన్నా వద్దంటారు.

దీంతో అరగంట పైనే అవుతుంది. మిగతాదానికి ట్యూషన్ని ఓ అరగంట ఆలస్యంగా మొదలుపెట్టించండి. మాష్టారు ఒప్పుకోకపోతే వారానికి మూడు రోజులయినా సరే. ఆ వేళలో ఆడనివ్వండి. ఏ ఆట అని అడక్కండి, వాలీబాల్ అయితే వాలీబాల్, షటిల్ అయితే షటిల్.

అయితే మీవాడు లావు కదా, ఆటలోకి తీసుకుంటే గోల్‌కీపరు, లేదా అవుటయ్యాక స్కోరు రాసేవాడు. ఇది నేను వందసార్లు చూశాను. ఆ సిగ్గు పోయేదాకా వాడికి ఒక్కడికే ఒక పని ఇవ్వండి. మా గట్టు మీద కరెంటు స్తంభాలుంటాయి, మీ ఊళ్ళోనూ ఉంటాయి. రెండు స్తంభాల దూరం నడక, ఒక స్తంభం దూరం నెమ్మది పరుగు. మళ్ళీ రెండు నడక, ఒకటి పరుగు. మొదటిరోజు పన్నెండు స్తంభాలతో ఆపెయ్యాలి, ఓపిక ఉన్నా సరే. నాలుగో వారానికి ఒకటి నడక, ఒకటి పరుగు. వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి వాచీలక్కర్లేదు. పరిగెడుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట వస్తోందంటే ఇంకొంచెం, మాట కూడా రావడం లేదంటే తగ్గించాలి. మేము ఏడాదికి రెండుసార్లు పిల్లలకి 600 మీటర్ల పరుగు పెట్టి టైము రాసేవాళ్ళం. కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకి పెట్టే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో కూడా అదే ఉంది, 50 మీటర్లూ, కూచుని ముందుకు వంగడమూ, దండీలూ దాంతో పాటు. వాడి టైము వాడి పాత టైముతోనే చూడాలి. పక్కింటి కుర్రాడితో పోల్చిన రోజే వాడు బూట్లు మూల పడేస్తాడు.

బరువు మాట. 68 కేజీలు అన్నారు, పొడుగు రాయలేదు. పొడుగుకి తగ్గ బరువేనా అని పెద్దవాళ్ళకి వేసే బీఎంఐ లెక్క ఈ వయసుకి నేరుగా పనికిరాదు, ఏడాదేడాదికీ హద్దు మారుతుంది, పిల్లల డాక్టరు దగ్గర పట్టిక ఉంటుంది. మీరు ఇంట్లో చెయ్యగలిగింది ఒకటి చెబుతాను. పురికొస తీసుకోండి. వాణ్ణి గోడకి నిలబెట్టి అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలిచి తెంపండి. దాన్ని సగానికి మడిచి బొడ్డు దగ్గర నడుం చుట్టూ తిప్పండి. రెండు చివరలూ కలిస్తే మంచిది. కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు చేరుతున్నట్టు లెక్క. ఆ పురికొస పారెయ్యకండి, మూడు నెలలకోసారి మళ్ళీ కొలవండి. ఈ వయసులో బరువు తగ్గించాలని అన్నం మాన్పించకూడదు. పొడుగు సాగుతున్నాడు కాబట్టి ఇదే బరువు నిలబడితే చాలు, నడుం దానంతటదే సన్నబడుతుంది.

ఇంకో చోటు కూడా చూడండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అయిందా? తల్లులు మట్టి పేరుకుందని సున్నిపిండితో రుద్దుతుంటారు. అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదనడానికి అది గుర్తు, షుగరు వచ్చే దారిలో ముందు కనిపించే జెండా. అది ఉంటే రుద్దడం మాని డాక్టరుకి చూపించండి. అలాగే పరిగెడుతుంటే గుండెల్లో నొప్పన్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, పిల్లికూతలొచ్చినా, మీ ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా గుండెతో పోయినవాళ్ళున్నా, స్తంభాల లెక్క మొదలుపెట్టకముందే చూపించండి. మోకాలి చిప్ప కింద ఎముక మీద బుడిపెలా లేచి నొప్పన్నాడంటే భయపడకండి. ఎముక తొందరగా పెరిగి, కండరం దాన్ని లాగడం వల్ల వచ్చే నొప్పి, ఈ వయసు మగపిల్లల్లో మామూలే. నాలుగు వారాలు గెంతుళ్ళు తగ్గిస్తే సర్దుకుంటుంది. ఇది తెలియక ఒక కుర్రాణ్ణి ఆ నొప్పితోనే లాంగ్‌జంప్ చేయించాను నేను, వాడు ఆ ఏడాదంతా ఆడలేకపోయాడు.

మీ మరిదిగారి జిమ్ము. పద్నాలుగేళ్ళకి బరువులెత్తితే పొట్టిగా మిగిలిపోతారన్నది ఒట్టిమాట. పక్కన తెలిసినవాళ్ళు నిలబడి, తేలిక బరువులతో, పద్ధతిగా చేయిస్తే నష్టం లేదు. అయితే మన టౌన్లలో జిమ్ముల్లో పిల్లవాణ్ణి వాడి మానాన వదిలేసి, డబ్బాలు అమ్ముకుంటారు. వాడికి ఇప్పుడు వాడి ఒళ్ళే బరువు. గోడకి చేతులానించి పది దండీలు. అవి తేలికయితే అరుగు మీద చేతులానించి. ఆ తర్వాత నేల మీద. బస్కీలు పదిహేను. మడమలు లేవకుండా గొంతుక్కూచోగలడేమో ముందు చూడండి. ఇంట్లో వెస్ట్రన్ కమోడు వచ్చినప్పటి నుంచి మన పిల్లలకి అది కూడా రావడం లేదు, వెనక్కి పడిపోతున్నారు. మామిడికొమ్మ పట్టుకుని వేలాడమనండి. ఇవన్నీ కలిపి పావుగంట, రోజు మార్చి రోజు.

ప్రొటీన్ డబ్బా దండగ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ మగపిల్లాడికి రోజుకి 45 గ్రాముల ప్రొటీను చాలు. రెండు గుడ్లలో 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలల్లో సుమారు 14, గట్టి పప్పు ఒక గిన్నెలో ఏడెనిమిది, చేప ముక్కలు రెండు వేస్తే మిగతాదీ తీరిపోతుంది. భీమవరం చెరువుల చేప లారీలెక్కి ఈశాన్య రాష్ట్రాల దాకా పోతుంటే, మన పిల్లలకి డబ్బా పొడి కలిపి ఇస్తామంటారేంటండీ! పెద్ద చేపే అక్కర్లేదు, మెత్తళ్ళ ఇగురు పెట్టండి. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలో కాల్షియం కూడా వస్తుంది.

తిండికి లోటు లేదన్నారు. నమ్ముతాను. అయితే ఒక్కసారి వాడి క్యారేజీ మూత తీసి చూడండి. నేను బడిలో మధ్యాహ్నం వరండాలో తిరుగుతూ చూసేవాణ్ణి. ఇంటినుంచి తెచ్చుకున్న బాక్సుల్లో ముప్పావు వంతు తెల్లన్నం, ఓ మూల ఆవకాయ, ఓ మూల బంగాళదుంప వేపుడు. అదే ప్రభుత్వ బళ్ళో మధ్యాహ్న భోజనం తినేవాడికి గుడ్డు వచ్చేది, రాగిజావ వచ్చేది, వేరుశెనగ చిక్కీ వచ్చేది. ఆ పథకానికి ఇప్పుడు మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఫీజు కట్టే పిల్లల బాక్సు కంటే ఆ కంచమే నయంగా ఉండేది చాలాసార్లు. అన్నం తగ్గించమని పోట్లాడకండి, పక్కన ఉన్నవి పెంచండి. కూర రెండు గరిటెలు ఎక్కువ వేస్తే అన్నం ఒక గరిటె దానంతటదే తగ్గుతుంది. కూల్‌డ్రింకు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. 250 మిల్లీలీటర్ల సీసాలో ఆరు చెంచాలకి దగ్గరగా పంచదార ఉంటుంది. ఎనర్జీ డ్రింకు అని అమ్మేదాంట్లో పంచదారకి తోడు కెఫీన్. పరీక్షల రాత్రుళ్ళు పిల్లలు దాచుకుని తాగుతున్నారు, అడగండి. కాజా, పూతరేకు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, నేనూ గోదావరి నీళ్ళు తాగినవాణ్ణే. పండగకో పెళ్ళికో తిననివ్వండి. ఫ్రిజ్జులో డబ్బా ఉంచకండి.

నిద్ర. పదకొండున్నరకి పడుకుని అయిదింటికి లేస్తే అయిదున్నర గంటలు. 13 ఏళ్ళు దాటిన పిల్లలకి 8 నుంచి 10 గంటలు కావాలి, అమ్మాయికి తొమ్మిదికి తగ్గకూడదు. నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే భయం వేసిన లెక్క ఇదేనమ్మా. నిద్ర చాలని పిల్లాడికి ఆకలి ఎక్కువ, అదీ తీపి మీదికీ వేపుళ్ళ మీదికీ పోతుంది. చదివింది తలకెక్కదు. మీరు బద్ధకం అంటున్నదాంట్లో సగం ఇదే అయి ఉంటుంది. తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుందని మన పెద్దలు చెప్పిన మాట నిజమే, వాళ్ళు ఎనిమిదింటికే దీపం ఆర్పేవాళ్ళు. పది గంటలకి ఫోను మీ మంచం దగ్గర పెట్టించుకోండి, మీ ఫోను కూడా అక్కడే పెట్టండి. లేవడం ఆరింటికి మార్చండి. అప్పటికీ ఎనిమిదే అవుతాయి. అమ్మాయిని తొమ్మిదింటికే పంపెయ్యండి.

వేళ గురించి ఒక జాగ్రత్త. మన డెల్టాలో ఎండ కంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు, లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఆట పొద్దున్న ఏడున్నర లోపు, సాయంత్రం అయిదు తర్వాత. మధ్యమధ్య నీళ్ళు, దొరికితే కొబ్బరిబొండం, లేకపోతే ఉప్పేసిన మజ్జిగ. ఆడుతున్న పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, వాంతి చేసుకున్నా నీడకి లాగి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వానాకాలం బురదకి గట్టు మీద జారతారు, ఆ నెలల్లో ఇంట్లో తాడాట.

ఈత అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో ఈత రాని పిల్లలు పెరుగుతున్నారు. మేము రెండు ఎండుకొబ్బరికాయలు పీచుతో జత కట్టి, చంకల కింద పెట్టుకుని నేర్చుకున్నాం, మా నాన్న రేవులో నడుం లోతులో నిలబడేవాడు. ఇప్పుడు కాలవల్లోకి చెరువుల మురుగు వదులుతున్నారు, పూడిక తీసిన చోట లోతు తెలీదు. ఏటి పాయల్లో ఇసక తవ్విన గుంటలు ఇంకా ప్రమాదం. ఈత కొలను దగ్గర్లో ఉంటే వేసవి సెలవుల్లో ఇద్దర్నీ చేర్చండి. లేకపోతే శుభ్రమైన నీళ్ళున్న చోట, ఈత వచ్చిన పెద్దవాళ్ళు నీళ్ళలో దిగి నిలబడితేనే. గట్టు మీద నిలబడి కేకలేస్తే చాలదు.

స్కూలు సంగతి. పేరెంట్స్ మీటింగులో మార్కులు అడుగుతారు గదా, పీఈటీ ఎవరు, వారానికి ఆటల పీరియడ్లు ఎన్ని, నిజంగా జరుగుతున్నాయా అని కూడా అడగండి. లెక్కల మాష్టారు నా పీరియడ్‌ని అప్పడిగినట్టు అడిగి తీసుకునేవారు, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కటీ తిరిగివ్వలేదు. ఫిబ్రవరి వస్తే టెన్తు పిల్లలకి నా పీరియడ్ టైంటేబుల్లో మాత్రమే ఉండేది. గ్రౌండే లేని స్కూలయితే మీరు అడిగి లాభం లేదు, సాయంత్రం అరగంట మీదే ఆధారపడండి. షటిల్ ఆడే అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కాడు. అప్పట్నుంచి మా దగ్గరికి రాకెట్టు పట్టుకొచ్చే తండ్రులు ఎక్కువయ్యారు, మావాణ్ణి కూడా అలా చెయ్యండని. మీవాడు ఎవరిలాగా అవ్వక్కర్లేదు. మేడ మెట్లెక్కితే రొప్పకూడదు, నాకు అంతే కావాలి.

మీరూ, వాళ్ళ నాన్నగారూ కూడా ఆ స్తంభాల దాకా నడిచి వెళితే మంచిది. పిల్లాడొక్కణ్ణే పంపితే శిక్షలా ఉంటుంది. నాన్నగారికి పొట్ట ఉంటే పురికొస ఆయనకీ తిప్పండి.

ఈ సోమవారం అమ్మాయిని పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. అబ్బాయి పొడుగు, పురికొస కలిసిందో లేదో, పన్నెండు స్తంభాల్లో ఎన్నోదాని దగ్గర ఆగాడో కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. హిమోగ్లోబిన్ అంకె వచ్చాక నాకు రాయండి, అది చూసి అమ్మాయి ఏ ఆటతో మొదలుపెట్టాలో చెబుతాను. అంతవరకూ దాన్ని పరిగెత్తమని ఎవరూ కసరకండి.